చిన్న పడవలో స్విచ్ ప్యానెల్ మార్చడం ఎలా: వెనక వైర్లతో సహా

"ప్యానెల్ కొత్తది పెట్టాను, అయినా లైట్లు మిణుకుమంటూనే ఉన్నాయి. ఎందుకు?" పడవ కరెంటు పని గురించి అందరూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. జవాబు దాదాపు ప్రతిసారీ ఒకటే. మార్చింది ముందు కనిపించే పలకను, జబ్బున్నది దాని వెనక. చిలుము పట్టిన లగ్గులు (వైరు కొనకు బిగించే లోహపు ముక్కలు), చాలీచాలని ఫీడర్ వైరు (బ్యాటరీ నుంచి ప్యానెల్‌కు కరెంటు తెచ్చేది), ఒకే స్క్రూ కింద ఇరికించిన అరడజను నెగెటివ్‌లు అలాగే ఉంటే ఎంత మంచి స్విచ్‌లు బిగించినా తేడా రాదు. కాబట్టి ఇక్కడ చెప్పేది పలక మార్చడం ఒక్కటే కాదు. బ్యాటరీ నుంచి స్విచ్ దాకా, స్విచ్ నుంచి పరికరం దాకా, అక్కడి నుంచి తిరిగి బ్యాటరీ దాకా కరెంటు నడిచే దారి మొత్తం సరిచేయడం.

ఈ పద్ధతి 12 వోల్టుల డీసీ ఉన్న, ఔట్‌బోర్డ్ ఇంజిన్‌తో నడిచే 5 నుంచి 8 మీటర్ల పడవల కోసం. ఒడ్డు నుంచి ఏసీ కరెంటు తీసుకునే ఏర్పాటు మీ పడవలో ఉంటే ఆ భాగం జోలికి వెళ్లకండి. దానికి అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. డీసీ, ఏసీ వైర్లు ఒకే పెట్టెలో కలిసి ఉన్నట్టు కనిపిస్తే, ఒడ్డు ప్లగ్ తీసి పక్కన పెట్టేదాకా ఆ పెట్టె మూత కూడా తెరవకండి.

కొనడానికి ముందు లెక్క

ఒక కాగితం మీద పడవలో ఉన్న ప్రతి పరికరం పేరు, అది లాగే ఆంపియర్లు రాయండి. పరికరం మీద వాట్లు మాత్రమే ఉంటే 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. మామూలు పడవలో అంకెలు ఇలా ఉంటాయి:

- ఎల్‌ఈడీ నావిగేషన్ లైట్లు, అన్నీ కలిపి: 1 (పాత 10 వాట్ల బల్బులు మూడు ఉంటే 2.5)
- బిల్జ్ పంపు (పడవ అడుగున చేరే నీరు తోడేది): 3
- లైవ్‌వెల్ పంపు (పట్టిన చేపలు బతికుండే తొట్టికి నీరు అందించేది): 4
- 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ రేడియో, మాట్లాడేటప్పుడు: 6
- ఫిష్ ఫైండర్: 2
- హారన్: 5
- లోపలి లైట్లు: 1
- ఛార్జింగ్ సాకెట్: 10

మొత్తం 32 ఆంపియర్లు. అన్నీ ఒకేసారి వేయకపోవచ్చు. అయినా ఫీడర్ వైరును మొత్తానికి సరిపడేలా తీసుకోవడమే మంచిది, ఎందుకంటే ప్యానెల్ మార్చాక వచ్చే ఏడాది ఇంకో పరికరం చేరడం ఖాయం. స్విచ్‌లు కూడా ఇప్పటి అవసరం కంటే రెండు ఎక్కువ ఉన్న ప్యానెల్ తీసుకోండి.

తరువాత వైరు మందం. సూత్రం చిన్నదే: ఆంపియర్లను, వైరు రానుపోను పొడవును మీటర్లలో, 0.0175ను గుణించి, వైరు చదరపు మిల్లీమీటర్లతో భాగించండి. వచ్చేది దారిలో పోయే వోల్టులు. ప్యానెల్ ఫీడర్, నావిగేషన్ లైట్లు, రేడియో లాంటి వాటికి ఈ నష్టం 3 శాతం, అంటే 0.36 వోల్టు దాటకూడదు. లోపలి లైట్ల లాంటి వాటికి 10 శాతం దాకా పర్వాలేదు.

మన లెక్కలో 32 ఆంపియర్లు, బ్యాటరీ నుంచి ప్యానెల్ 3 మీటర్లు అనుకోండి. రానుపోను 6 మీటర్లు. 6 చ.మి.మీ. వైరుతో 0.56 వోల్టు పోతుంది, చాలదు. 10 చ.మి.మీ. వైరుతో 0.34, సరిపోతుంది. లైవ్‌వెల్ పంపుకు 4 ఆంపియర్లు, 5 మీటర్ల దూరం అయితే 1.5 చ.మి.మీ. వైరులో 0.47 వోల్టు, 2.5 చ.మి.మీ. వైరులో 0.28 పోతాయి. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు వెళ్లే పొడవును మాత్రమే లెక్కేసి, నెగెటివ్ తిరిగి వచ్చే పొడవును మరిచిపోవడం. అప్పుడు నష్టం సగమే కనిపిస్తుంది.

కావలసినవి

స్విచ్ ప్యానెల్. ముందు వైపు ఐపీ66 లేదా ఐపీ67 రేటింగ్ (నీరు, దుమ్ము దూరవని చెప్పే ముద్ర), ప్రతి స్విచ్ మీద డీసీ ఆంపియర్ల ముద్ర ఉండాలి. "250 వోల్ట్ ఏసీ" అని మాత్రమే ఉన్న ఇంటి స్విచ్ పనికిరాదు. ఏసీ సెకనుకు ఎన్నోసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్ ఆపినప్పుడు పుట్టే నిప్పురవ్వ దానంతటదే చల్లారుతుంది. డీసీలో ఆ సున్నా రాదు, రవ్వ నిలిచి స్విచ్ మొనలను తినేస్తుంది. ముందే వైర్లు అమర్చి వచ్చే ప్యానెల్ అయితే వెనక్కి తిప్పి, ఒక స్విచ్ నుంచి ఇంకో స్విచ్‌కు గొలుసులా వేసిన పాజిటివ్ వైరు ఎంత సన్నగా ఉందో చూడండి. మొత్తం కరెంటు ఆ మొదటి ముక్క గుండానే పోవాలి. సన్నగా ఉంటే పీకేసి మీరే వేసుకోవాల్సి వస్తుంది, అలాంటిది కొనకపోవడమే మేలు.

బ్లేడ్ ఫ్యూజ్ బ్లాక్ (పరికరాల ఫ్యూజ్‌లన్నీ వరుసగా పట్టే పెట్టె), మూతతో. నెగెటివ్ బస్ బార్ (నెగెటివ్ వైర్లన్నీ ఒకచోట కలిసే లోహపు పట్టీ). బ్యాటరీ దగ్గర మెయిన్ ఫ్యూజ్ లేదా బ్రేకర్, మన లెక్కకు 40 ఆంపియర్లది. బ్యాటరీ ఐసొలేటర్ స్విచ్ (బ్యాటరీ కరెంటు మొత్తాన్ని ఒకేసారి ఆపేది) లేకపోతే అది కూడా.

వైరు: తగరం పూత ఉన్న, సన్నని పోగుల రాగి వైరు. ఫీడర్‌కు 10 చ.మి.మీ., పంపులకు, సాకెట్‌కు 2.5, లైట్లకు 1.5. ఒకే గట్టి తీగ ఉండే ఇంటి వైరును పడవలో వాడకండి. అలల కుదుపుకు అది లగ్గు మొదట్లో విరుగుతుంది.

జిగురు పూత ఉన్న హీట్ ష్రింక్ లగ్గులు: ఎరుపువి 0.5 నుంచి 1.5 చ.మి.మీ. వైరుకు, నీలంవి 1.5 నుంచి 2.5కు, పసుపువి 4 నుంచి 6కు. 10 చ.మి.మీ. ఫీడర్‌కు రాగి గొట్టం లగ్గు, దానికి తగిన పెద్ద క్రింపర్ (లగ్గును వైరు మీద నొక్కే సాధనం) వేరు. చిన్న లగ్గులకు పూర్తిగా నొక్కితే తప్ప తెరుచుకోని ర్యాచెట్ క్రింపర్. ఇవి కాక మల్టీమీటర్, వైర్ స్ట్రిప్పర్, హీట్ గన్, జిగ్‌సా, మాస్కింగ్ టేపు, రబ్బరు గ్రోమెట్లు (వైరు ఒరుసుకోకుండా రంధ్రం అంచుకు పెట్టే ఉంగరాలు), క్లిప్పులు, 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్క్రూలు, నంబరు స్టిక్కర్లు, హోల్డర్‌తో ఉన్న 12 వోల్టుల 21 వాట్ల బల్బు ఒకటి. ఈ బల్బు ఎందుకో పరీక్షల దగ్గర తెలుస్తుంది, మరిచిపోకుండా తెచ్చుకోండి.

పని మొదలు

1. బ్యాటరీ విప్పండి. ఉంగరం, గడియారం తీసేయండి. ముందు నెగెటివ్ విప్పాలి, తరువాత పాజిటివ్. తిరిగి కలిపేటప్పుడు పాజిటివ్ ముందు, నెగెటివ్ చివర. పాజిటివ్ ముందు విప్పుతుంటే స్పానర్ ఇంజిన్ లోహానికి తగిలి షార్ట్ కావచ్చు. నెగెటివ్ ముందే తీసేస్తే ఆ ప్రమాదం లేదు. పెట్రోలు ట్యాంకు దగ్గర్లో ఉంటే మూతలన్నీ తెరిచి గాలి ఆడనివ్వండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, పడవ అడుగునే పేరుకుంటుంది.

2. ఫొటోలు, నంబర్లు. పాత ప్యానెల్ వెనక భాగాన్ని నాలుగు వైపుల నుంచి ఫొటో తీయండి. ఒక్క వైరు విప్పకముందే ప్రతిదానికీ నంబరు అంటించి, ఏ నంబరు ఏ స్విచ్‌దో కాగితం మీద రాయండి. రంగును నమ్మకండి. పడవ చేతులు మారినప్పుడల్లా ఎవరికి దొరికిన రంగు వాళ్లు వేసి ఉంటారు. ఎరుపు వైరు నెగెటివ్‌గా పని చేస్తుండటం అరుదేమీ కాదు.

ఇంజిన్ ఇగ్నిషన్ వైర్లు, అత్యవసరంగా ఆపే కిల్ స్విచ్ వైరు ఈ ప్యానెల్‌కు చెందవు. దారిలో కనిపిస్తే వాటిని పక్కకు కట్టేసి వదిలేయండి.

3. పాత వైరులో ఏది ఉంచాలో తేల్చండి. ప్రతి వైరు చివర రెండు సెంటీమీటర్లు కోసి, పైతొడుగు ఒలిచి చూడండి. రాగి మెరుస్తుంటే మంచిదే. నల్లగా ఉంటే ఇంకో అయిదు సెంటీమీటర్లు వెనక్కి కోసి చూడండి. ఉప్పు నీరు పోగుల మధ్య సన్నని గొట్టంలో పాకినట్టు లోపలికి పాకుతుంది, అందుకే పైన తొడుగు కొత్తగా కనిపిస్తూ లోపల నల్లబడి ఉంటుంది. మూడుసార్లు కోసినా నలుపే అయితే ఆ వైరు మొత్తం మార్చండి. నల్లబడిన రాగికి లగ్గు కొట్టినా, టంకం పెట్టినా నిలవదు.

కొత్త వైరు లాగడానికి పాత వైరే మంచి సాధనం. పాతదాని చివరకు కొత్తదాన్ని టేపుతో గట్టిగా చుట్టి, అవతలి నుంచి లాగండి. వస్తూ వస్తూ బిగుసుకుంటే బలవంతం చేయకండి, వెనక ఎక్కడో క్లిప్పు ఉంది.

4. ప్యానెల్‌కు చోటు. కొత్తది పాత రంధ్రంలో సరిపోకపోతే కోయాలి. కోసే ముందు వెనక చేయి పెట్టి తడమండి. స్టీరింగ్ కేబుల్, పెట్రోలు పైపు అక్కడ ఉన్నాయేమో చూసుకోండి. స్విచ్‌ల వెనక లగ్గులకు, వైర్ల వంపుకు కలిపి కనీసం 8 సెంటీమీటర్ల లోతు కావాలి. ప్యానెల్ లోతు ఒక్కటే కొలిచి కోసేసి, తరువాత లగ్గులు గోడకు గుచ్చుకుని బాధపడేవాళ్లు చాలామంది.

మాస్కింగ్ టేపు అంటించి గీత గీయండి. మూలల్లో రంధ్రాలు చేసి, సన్నని పళ్ల బ్లేడుతో జిగ్‌సా నడపండి. ఫైబర్‌గ్లాస్ పడవ అయితే డ్రిల్‌ను మొదట కొన్ని చుట్లు వెనక్కి తిప్పి, పై గెల్‌కోట్ పొర తెగాక ముందుకు తిప్పండి. పెచ్చు లేవదు. స్క్రూ రంధ్రాల నోళ్లు కాస్త విప్పారేలా కౌంటర్‌సింక్ చేస్తే పగుళ్లు రావు. ముక్కుకు మాస్క్, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

ప్యానెల్ అంచుకు రబ్బరు గ్యాస్కెట్ చాలు. సీలెంటే వాడాలనుకుంటే వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు, ఆరేటప్పుడు వదిలే ఆమ్లం రాగిని తింటుంది.

5. మెయిన్ ఫ్యూజ్, ఫీడర్. వరుస ఇది: బ్యాటరీ పాజిటివ్, మెయిన్ ఫ్యూజ్, ఐసొలేటర్ స్విచ్, ఫీడర్ వైరు, ఫ్యూజ్ బ్లాక్, స్విచ్, పరికరం, నెగెటివ్ బస్ బార్, బ్యాటరీ నెగెటివ్. మెయిన్ ఫ్యూజ్ బ్యాటరీకి ఎంత దగ్గరుంటే అంత మంచిది. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణం వైరు వెంబడి కొలిచి 7 అంగుళాలు, అంటే 18 సెంటీమీటర్లలోపు ఉండాలంటుంది. ఫ్యూజ్ ప్యానెల్ దగ్గర పెడితే దానికీ బ్యాటరీకీ మధ్య ఉన్న మూడు మీటర్ల వైరుకు కాపలా ఉండదు. ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుని షార్ట్ అయితే ఆపేవాడు లేడు, బ్యాటరీలో ఉన్నదంతా అక్కడే మంటగా మారుతుంది.

స్టార్టర్ మోటారుకు వెళ్లే లావు కేబుల్‌ను ఈ 40 ఆంపియర్ల ఫ్యూజ్ గుండా పంపకండి. స్టార్ట్ చేసిన మరుక్షణం ఫ్యూజ్ పోతుంది. అది దాని దారిన విడిగా వెళ్లాలి.

బ్యాటరీ పెట్టె, పెట్రోలు ట్యాంకు ఒకే మూసిన గదిలో ఉంటే అక్కడ పెట్టే ఫ్యూజ్ హోల్డర్, బ్రేకర్, ఐసొలేటర్ అన్నింటి మీదా నిప్పురవ్వ బయటికి రాని రకం అని ముద్ర ఉండాలి. ఐఎస్ఓ 8846 ప్రమాణం దీని గురించే. డబ్బు ఆదా చేయకూడని చోటు ఇది.

లిథియం బ్యాటరీ అయితే మామూలు ఫ్యూజ్ చాలకపోవచ్చు. షార్ట్ అయినప్పుడు అది ఇచ్చే కరెంటు చాలా ఎక్కువ. బ్యాటరీ తయారీదారు చెప్పిన రకం ఫ్యూజే వాడండి.

6. ఫ్యూజ్ బ్లాక్, బస్ బార్. రెండూ ప్యానెల్ వెనక, చేయి దూరే చోట, నిలువు గోడకు బిగించండి. లెడ్ యాసిడ్ బ్యాటరీకి సరిగ్గా పైన వద్దు, ఛార్జింగ్‌లో వచ్చే ఆవిరికి లోహం పాడవుతుంది. బస్ బార్‌లో ఒక స్క్రూకు ఒక లగ్గు ఉంటే శుభ్రంగా ఉంటుంది. తప్పనప్పుడు కూడా ఒక బోల్టు కింద నాలుగు లగ్గులు మించకూడదు, లావు లగ్గు అడుగున ఉండాలి.

అల్యూమినియం పడవ వాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి: పడవ గుల్లను నెగెటివ్ దారిగా ఎప్పుడూ వాడకండి. ప్రతి పరికరానికీ తన నెగెటివ్ వైరు తనకే ఉండాలి. లేకపోతే దారితప్పిన కరెంటు నీళ్లలో ఉన్న లోహాన్ని తినేస్తుంది.

ఫ్యూజ్ సైజు గురించి ఒక మాట. ఫ్యూజ్ ముందుగా కాపాడేది వైరును. 1.5 చ.మి.మీ. వైరుకు 10 ఆంపియర్లు, 2.5కు 15 మించి వేయకండి. పరికరం మీద ఇంతకంటే చిన్న ఫ్యూజ్ రాసి ఉంటే అదే వేయాలి. ముఖ్యంగా పంపులకు. పంపు రెక్కలో ప్లాస్టిక్ ముక్క ఇరుక్కుని ఆగిపోతే అది లాగే కరెంటు పెద్ద ఫ్యూజ్‌ను కాల్చేంత ఉండదు, కానీ పంపు మోటారులోని తీగచుట్టను కాల్చేంత ఉంటుంది.

7. లగ్గులు కొట్టడం. ఈ పనిలో సగం మంచిచెడ్డలు ఇక్కడే తేలతాయి, కాబట్టి తొందర వద్దు. లగ్గు గొట్టం ఎంత పొడవో అంతకు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఒలవండి. ఒలిచినప్పుడు రెండు మూడు పోగులు తెగి కిందపడితే ఆ కొనను కోసేసి మళ్లీ ఒలవండి. పోగులను కొద్దిగా మెలిపెట్టి గొట్టంలోకి తోయండి. అవతలి నోటి దగ్గర రాగి కొనలు ఒక మిల్లీమీటరు బయటికి కనిపించాలి. కనిపించకపోతే లోపల సగమే దూరింది. తొడుగుతో సహా దూరిపోతే క్రింపర్ రాగిని కాకుండా ప్లాస్టిక్‌ను నొక్కుతుంది, చూడటానికి బాగుంటుంది, కరెంటు మాత్రం పోదు.

లగ్గు రంగుకు సరిపోయే గుంటలో పెట్టి ర్యాచెట్ వదిలేదాకా నొక్కండి. తరువాత వైరును ఒక చేత్తో, లగ్గును ఇంకో చేత్తో పట్టుకుని బలంగా లాగండి. ఊడిందంటే ఇప్పుడే ఊడటం మంచిది. నిలిస్తే హీట్ గన్‌తో వేడి చేయండి. తొడుగు ముడుచుకుని రెండు కొనల నుంచీ జిగురు సన్నని ఉంగరంలా బయటికి రావాలి. ఆ ఉంగరం కనిపించని చోట నీరు దూరుతుంది.

"టంకం పెడితే ఇంకా గట్టి కదా?" అని అడుగుతారు. టంకం ఒక్కటే ఆధారంగా కలపకండి. అది పోగుల మధ్యకు పాకి వైరును కడ్డీలా చేస్తుంది, ఆ కడ్డీ ఆగే చోట కుదుపుకు వైరు విరుగుతుంది. రింగ్ లగ్గులే వాడండి. నోరు తెరిచిన ఫోర్క్ లగ్గు స్క్రూ కాస్త వదులైనా జారిపోతుంది.

8. స్విచ్‌లు కలపడం. లైటు ఉన్న మామూలు రాకర్ స్విచ్‌కు మూడు పిన్నులుంటాయి: ఫ్యూజ్ నుంచి వచ్చేది, పరికరానికి వెళ్లేది, లోపలి లైటు నెగెటివ్. ఏది ఏదో తయారీదారును బట్టి మారుతుంది. బొమ్మ చూసి, మీటర్‌తో కూడా సరిచూసుకోండి. నెగెటివ్‌ను పొరపాటున పరికరం పిన్నుకు కలిపితే స్విచ్ వేసిన వెంటనే ఫ్యూజ్ పోతుంది. స్విచ్ పని చేస్తూ దాని లైటు మాత్రం వెలగకపోతే లైటు నెగెటివ్ అందలేదన్నమాట.

వైర్లను 45 సెంటీమీటర్లకు ఒక క్లిప్పు చొప్పున గోడకు పట్టించండి. ప్యానెల్‌లోకి వచ్చే ముందు కట్టను కిందికి ఒక వంపు తిప్పి పైకి తీసుకురండి. వైరు వెంట జారే నీరు ఆ వంపు అడుగునే కారిపోతుంది. ప్యానెల్ ముందుకు లాగి చూసుకోవడానికి 15 సెంటీమీటర్లు అదనంగా వదలండి.

9. నావిగేషన్, యాంకర్ స్విచ్. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడ. 1972 నాటి అంతర్జాతీయ ఢీ నివారణ నియమాల్లో 23వ నియమం ప్రకారం 12 మీటర్లలోపు ఇంజిన్ పడవ నడిచేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ పక్క లైట్లతో పాటు చుట్టూ కనిపించే తెల్ల లైటు ఒకటి చూపవచ్చు. లంగరు వేసినప్పుడు తెల్ల లైటు మాత్రమే వెలగాలి, 30వ నియమం. కాబట్టి తెల్ల లైటు రెండు స్థానాల్లోనూ వెలగాలి, పక్క లైట్లు ఒకదాంట్లోనే.

మూడు పిన్నుల ఆన్-ఆఫ్-ఆన్ స్విచ్ తీసుకుని తెల్ల లైటును రెండు వైపులకూ కలిపేస్తే ఏమవుతుంది? ఆ కలిపిన వైరు గుండా కరెంటు వెనక్కి తిరిగి, యాంకర్ స్థానంలో కూడా పక్క లైట్లు వెలుగుతాయి. లంగరు వేసి ఉన్న పడవ నడుస్తున్నట్టు కనిపిస్తుంది. రాత్రిపూట ఇది నిజంగా ప్రమాదం.

కావలసింది ఆరు పిన్నుల డబుల్ పోల్ ఆన్-ఆఫ్-ఆన్ స్విచ్. పిన్నులు మూడేసి చొప్పున రెండు వరుసలు. రెండు వరుసల మధ్య పిన్నులను ఒకదానికొకటి కలిపి ఫ్యూజ్ నుంచి వైరు ఇవ్వండి. మొదటి వరుస పై పిన్నుకు పక్క లైట్లు, కింది పిన్ను ఖాళీ. రెండో వరుస పై, కింది పిన్నులు రెండూ కలిపి తెల్ల లైటుకు. మీట ఎటు నొక్కితే ఏ పిన్ను కలుస్తుందో ముందు మీటర్‌తో చూడండి. చాలా స్విచ్‌లలో పైకి నొక్కితే కింది పిన్ను కలుస్తుంది. అప్పుడు స్టిక్కరు దానికి తగ్గట్టు అంటించండి.

10. బిల్జ్ పంపు. ఎవరూ లేనప్పుడు కూడా పంపు పని చేయాలి. కాబట్టి ఫ్లోట్ స్విచ్‌కు (నీరు చేరితే తేలి, దానంతటదే పంపును వేసేది) కరెంటు ఐసొలేటర్ కంటే ముందు, బ్యాటరీ నుంచి నేరుగా, తన సొంత ఫ్యూజ్ గుండా రావాలి. ప్యానెల్ మీది మాన్యువల్ స్విచ్‌కు కూడా ఇదే ఫ్యూజ్ తరువాతి వైరు నుంచి ఇవ్వండి, ఫ్యూజ్ బ్లాక్ నుంచి కాదు. బ్లాక్ నుంచి ఇచ్చి, మాన్యువల్ స్విచ్ వేసి ఉంచి, ఐసొలేటర్ ఆపేసి వెళ్లారనుకోండి. రాత్రి నీరు చేరి ఫ్లోట్ లేవగానే కరెంటు మాన్యువల్ స్విచ్ గుండా వెనక్కి పారి మొత్తం ప్యానెల్‌కు చేరుతుంది. ఐసొలేటర్ ఆపినా రేడియో వెలుగుతోందంటే కారణం చాలాసార్లు ఇదే.

ఈ స్విచ్ వెనక "ఎప్పుడూ కరెంటు ఉంటుంది" అని స్టిక్కరు అంటించండి. పంపు దగ్గరి జాయింట్లు నీళ్లలో మునిగే చోట కాకుండా, వీలైనంత పైన ఉండాలి.

పరీక్షలు, ఇదే వరుసలో

బ్యాటరీ కలపకముందు, స్విచ్‌లన్నీ ఆపి, ఫ్యూజ్ బ్లాక్ పాజిటివ్‌కూ నెగెటివ్ బస్ బార్‌కూ మధ్య మల్టీమీటర్‌తో ఓమ్‌లు చూడండి. మీటర్ బీప్ అనకూడదు. బీప్ అందంటే షార్ట్ ఉంది, ముందుకు వెళ్లకండి.

తరువాత 21 వాట్ల బల్బు. మెయిన్ ఫ్యూజ్ తీసి దాని చోట ఈ బల్బును పెట్టి, బ్యాటరీ కలిపి, ఐసొలేటర్ వేయండి. ఎక్కడైనా షార్ట్ ఉన్నా బల్బు వెలుగుతుందే తప్ప వైరు కాలదు, దాని గుండా రెండు ఆంపియర్లలోపే పోతుంది. స్విచ్‌లన్నీ ఆపి ఉన్నప్పుడు బల్బు చీకటిగా ఉండాలి. ఒక్కో స్విచ్ వేస్తూ పోండి. ఎల్‌ఈడీ లైటు వేస్తే బల్బు సన్నగా వెలుగుతుంది లేదా అసలు వెలగదు. బల్బు నిండుగా వెలిగి పరికరం చచ్చినట్టుంటే ఆ వైరులో షార్ట్. పంపులు, హారన్ మాత్రం మామూలుగానే బల్బును వెలిగిస్తాయి కాబట్టి వాటి కొన విప్పి వైరును మాత్రమే పరీక్షించండి. బిల్జ్ పంపు సొంత ఫ్యూజ్ దగ్గర కూడా ఇదే చేయండి.

అన్నీ సరిగా ఉంటే అసలు ఫ్యూజ్ పెట్టి వోల్టులు కొలవండి. పరికరం నడుస్తుండగా బ్యాటరీ మొనల మధ్య ఒకసారి, పరికరం దగ్గర ఒకసారి. ఆపి ఉన్నప్పుడు కొలిస్తే ఎంత చెడ్డ జాయింట్ అయినా నిండు వోల్టులే చూపిస్తుంది. మీటరులో 12.6 కనిపిస్తున్నా పంపు తిరగకపోవడానికి అర్థం అదే. తేడా 0.36 దాటితే దొంగ ఎక్కడున్నాడో వెతకాలి: మీటర్ ఒక కొన బ్యాటరీ పాజిటివ్ మీద ఉంచి, ఇంకో కొనను మెయిన్ ఫ్యూజ్, ఐసొలేటర్, ఫ్యూజ్ బ్లాక్, స్విచ్, పరికరం వరుసగా తాకిస్తూ పోండి. అంకె ఒక్కసారిగా ఎక్కడ పెరిగిందో దాని ముందున్న జాయింటే దోషి. మంచి జాయింట్ దగ్గర కొన్ని వందో వంతుల వోల్టు మించి పెరగదు. పాజిటివ్ వైపు ఏమీ దొరకకపోతే నెగెటివ్ వైపూ ఇలాగే చూడండి. చాలామంది నెగెటివ్‌ను అసలు చూడరు, జబ్బు అక్కడే ఉంటుంది.

ఇప్పుడు అన్నీ వేసి పదిహేను నిమిషాలు వదిలేయండి. బిల్జ్ పంపును మాత్రం నీళ్లు లేకుండా ఖాళీగా తిప్పకండి, కాసిని నీళ్లు పోయండి. తరువాత ప్రతి లగ్గు, ఫ్యూజ్ హోల్డర్, స్విచ్ వెనక వేలితో తాకండి. గోరువెచ్చగా ఉండొచ్చు. చేయి ఆనించలేనంత వేడి ఉన్నది మళ్లీ చేయాలి.

చివరిది, ఊరికే లాగే కరెంటు. అన్నీ ఆపి, ఐసొలేటర్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ విప్పి, మధ్యలో మీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి చూడండి. నేరుగా బ్యాటరీకి కలిపిన రేడియో మెమరీ లాంటివి తప్ప ఏమీ ఉండకూడదు. మీటర్ ఇలా ఉన్నప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయకండి, మీటర్ కాలిపోతుంది. అలాగే, ఇంజిన్ నడుస్తుండగా ఐసొలేటర్ ఎప్పుడూ ఆపకండి. ఇంజిన్ ఛార్జింగ్ భాగాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

పని అయ్యాక కనిపించే లోపాలు

ఒక స్విచ్ వేస్తే ఇంకో పరికరం మసకబారుతోంది: ఆ రెండింటి ఉమ్మడి దారిలో, ఎక్కువగా నెగెటివ్ బస్ బార్ నుంచి బ్యాటరీకి వెళ్లే వైరులో, వదులు జాయింట్ ఉంది. పాజిటివ్ ఫీడర్‌ను 10 చ.మి.మీ.కు మార్చి, నెగెటివ్‌ను పాత సన్న వైరుగానే వదిలేసినా ఇదే జరుగుతుంది. రెండూ ఒకే మందం ఉండాలి.

రేడియో వినపడుతుంది కానీ మాట్లాడేటప్పుడు ఆగిపోతుంది: వింటున్నప్పుడు ఒక ఆంపియరు కూడా లాగదు, మాట్లాడేటప్పుడు ఆరు లాగుతుంది. వైరు సన్నం లేదా జాయింట్ చెడ్డది.

ఫ్యూజ్ నెలకోసారి పోతోంది: పెద్ద ఫ్యూజ్ వేసి ఊరుకోవద్దు. వైరు ఎక్కడో పదునైన అంచుకు ఒరుసుకుంటోంది. గ్రోమెట్ లేని రంధ్రాల దగ్గర మొదట చూడండి.

పంపు నీళ్లు తోడదు కానీ తిరుగుతోంది: పాజిటివ్, నెగెటివ్ తారుమారై వెనక్కి తిరుగుతుండవచ్చు.

కొత్త నంబర్లతో గీసిన వైరింగ్ బొమ్మను ప్లాస్టిక్ కవరులో పెట్టి ప్యానెల్ తలుపు లోపలి వైపు అంటించండి. దాని పక్కనే ప్రతి సైజు ఫ్యూజ్ రెండేసి ఉంచండి. బ్లేడ్ ఫ్యూజ్‌ల రంగులు ఎక్కడైనా ఒకటే: 5 లేత గోధుమ, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు. మొదటి నెల నడిపాక ప్యానెల్ ముందుకు లాగి స్క్రూలన్నీ ఒకసారి బిగించండి. కొత్త లగ్గులు సర్దుకుంటాయి కాబట్టి రెండు మూడైనా పావు చుట్టు తిరుగుతాయి. ఆ తరువాత ఏడాదికోసారి చాలు.